మూడు శుక్రవారాల కీపర్

మా పాత జట్టు కెప్టెన్ ఉద్యోగం మానేసి ఇప్పుడు హైదరాబాదులో తీరిగ్గా ఉన్నాడు. తీరిక దొరికినవాడు ఊరుకోడు కదా, తొంభైల్లో దోహాలో మా కంపెనీ జట్టు ఆడిన క్రికెట్ మీద చిన్న పుస్తకం వేస్తానని మొన్న రాతప్రతి నా ఫోన్‌కు పంపాడు. ఆడినవాళ్ళ పట్టికలో ఒక వికెట్ కీపర్ ఎదురుగా రెండే ముక్కలు ఉన్నాయి. మూడు మ్యాచ్‌లు ఆడాడు. సెమీఫైనల్ రోజు చెప్పకుండా ఓవర్‌టైమ్‌కు పోయాడు. మొదటి ముక్క నిజం. రెండోది అబద్ధం. అది కెప్టెన్ కల్పించింది కాదు, నేను పుట్టనిచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. తెనాలిలో బీకాం చదివి, దోహాలో ఒక బిల్డింగ్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరాను. ఎవరు ఏ డ్యూటీకి వెళ్ళాలో రాసి లిస్టు అంటించడం నా పని. శుక్రవారం సెలవు. ఆ పూట ఇసుక నేల మీద సిమెంటు పిచ్ వేసి, దాని మీద పట్టా పరిచి, కంపెనీల జట్లు లీగ్ ఆడేవి. ఆ ఏడు మా జట్టు పై డివిజన్‌కు ఎక్కింది. మా జట్టు అంటే ఆఫీసువాళ్ళం. కీపర్‌ని నేను. నా చేతుల్లో కంటే నా వెనక బౌండరీ దగ్గర ఎక్కువ బంతులు దొరికేవని మావాళ్ళు అనేవాళ్ళు. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

ఒకరోజు సైట్‌లో నేనూ కెప్టెనూ నడుస్తున్నాం. పై అంతస్తులో షట్టరింగ్, అంటే స్లాబ్ కోసం చెక్కలు బిగించే పని, జరుగుతోంది. కింద నుంచి ఒకడు ఇనప క్లాంపులు విసురుతుంటే, పైన అంచు దగ్గర గొంతుక్కూర్చున్న కార్పెంటర్ ఒక్కొక్కటే అందుకుని పక్కన పేరుస్తున్నాడు. చప్పుడు లేదు. క్లాంపు వచ్చే దారినే అతని చేతులు కాస్త వెనక్కి వెళ్ళి ఆగుతున్నాయి. కెప్టెన్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏ ఊరన్నా నీది? క్రికెట్ ఆడినవా ఎప్పుడన్నా?"

"జగిత్యాల దిక్కు సార్. ఊర్ల కీపింగ్ చేసేటోన్ని. దుబాయ్ పోతున్నా అని చెప్పి టీమ్ ఇడిసి వచ్చిన." గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళ ఊళ్ళో దుబాయే.

కెప్టెన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమనుకోకు బ్రదర్. నువ్వు బౌండరీ కాడ నిలబడు. గాలి మంచిగొస్తది."

నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? మరుసటి శుక్రవారం జట్టుకున్న ఒకే జత గ్లవ్స్ అతని చేతికి వెళ్ళాయి. మూడు మ్యాచ్‌లూ గెలిచాం. అతను స్టంప్స్‌కు ఆనుకుని కూర్చుంటే బ్యాట్స్‌మన్ క్రీజు దాటడానికి జంకేవాడు. కాలి పక్కనుంచి వెళ్ళే బంతిని కూడా, ఎవరో చేతికిస్తే పుచ్చుకున్నట్టు పట్టేవాడు. ఒకసారి నీళ్ళ విరామంలో నా పక్కన కూర్చుని తనంతట తనే చెప్పాడు. "మీరు బాల్ మీదికి పోతరు సార్. పోవద్దు. దాన్ని రానియ్యాలె." నాకు మేలు చేద్దామనే చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. డిగ్రీ చదివిన నాకు షట్టరింగ్ కార్పెంటర్ పాఠం చెప్పడమేమిటి అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా అప్పుడు అనుకున్నది అదే.

సెమీఫైనల్ శుక్రవారమే స్లాబ్ పోయాల్సి వచ్చింది. కాంక్రీటు పోస్తున్నంతసేపూ కింద ఒక కార్పెంటర్ నిలబడి, ఆసరా కర్రలు జరగకుండా చూడాలి. ఆ వారం వంతు అతనిది కాదు, ఇంకో కార్పెంటర్ నెల్లూరాయనది. లిస్టులో నెల్లూరాయన పేరు తీసి అతని పేరు రాశాను. ఫోర్‌మన్ చదవకుండా సంతకం పెట్టాడు. గురువారం సాయంత్రం ఇండస్ట్రియల్ ఏరియాలో పనివాళ్ళు ఉండే క్యాంప్ గోడకు లిస్టు అంటించి నా గదికి వెళ్ళిపోయాను. పొద్దున అయిదింటికే సైట్ బస్సు. కెప్టెన్‌కు కబురు పంపే దారి అతనికి లేదు, అది నాకు తెలుసు. ఓవర్‌టైమ్ డబ్బుల కోసం శుక్రవారం డ్యూటీ అడిగి వేయించుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరికీ అనుమానం రాదనీ తెలుసు.

మైదానంలో కెప్టెన్ అతని కోసం గంటసేపు చూశాడు. "ఓవర్‌టైమ్ కాడికి ఉరికిండు. లేబర్ లేబరే," అన్నాడు. నేను గ్లవ్స్ తొడుక్కున్నాను. ఆ రోజు నేను మా జట్టును ఓడించి ఉంటే కథకు నీతి కుదిరేది. బాగానే ఆడాను. గెలిచాం కూడా.

శనివారం అతను నా క్యాబిన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"గెలిచిన్రా సార్?"

"గెలిచాం."

"మంచిగైంది." వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "నా పేరు ఎవలు రాసిన్రు సార్? నా వంతు గాదు గద."

"ఫోర్‌మన్ వేయమన్నాడయ్యా. నా చేతుల్లో ఏముంది?"

"గట్లనా. కావాలని పోలేదని కెప్టెన్ సార్‌కు జెర చెప్పున్రి. మల్ల ఆడనిస్తరేమో. ఇంకేం అడగ."

చెప్తానన్నాను. చెప్పలేదు. ఫైనల్లో ఓడిపోయాం. ఆ తర్వాత కూడా కెప్టెన్ అతన్ని పిలవలేదు. సైట్ పూర్తయ్యాక అతన్ని ఎక్కడికి పంపారో నేను కనుక్కోలేదు. ఇప్పుడు ఈ మాటలన్నీ కెప్టెన్‌కు రాసి పంపాను, పుస్తకంలో ఇలాగే వేయమన్నాను.

ఒక్కటి మాత్రం కెప్టెన్‌కు రాయలేదు. ఫైనల్ తర్వాత రెండు శుక్రవారాలు, ప్రాక్టీసుకు మైదానానికి వెళ్ళే మా వ్యాన్ క్యాంప్ ముందు నుంచి పోతుంటే అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో బూట్ల సంచి. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. రెండోసారి మా కళ్ళు కలిశాయి. అతను చెయ్యి సగం ఎత్తాడు. ఆపమని డ్రైవర్‌తో ఒక్క మాట అని ఉంటే అర నిమిషంలో ఎక్కేవాడు. అప్పుడు అతనికి ముప్పై ఏళ్ళ లోపే, ఇప్పుడు అరవైకి దగ్గరవుతూ ఉంటాడు. ఆ మోకాళ్ళు ఇక స్టంప్స్ వెనక కూర్చోనివ్వవు. ఆ అర నిమిషం మాత్రం ఇన్నేళ్ళయినా నాకు గడవడం లేదు.