మా బాపు టీవీ జడ్జి అయిన కాలం

మా బాపు జడ్జిగా చివరి ఏళ్లు నిజామాబాద్ ఫ్యామిలీ కోర్టులో పనిచేశారు. మొగుడూ పెళ్లాల కేసు వస్తే హాల్లో అందరి ముందూ అడిగేవారు కాదు. ఇద్దరినీ ఛాంబర్‌లోకి పిలిపించి, తలుపు వేయించి, ముందు మంచినీళ్లు ఇప్పించేవారట. అక్కడ విన్న సంగతులు ఇంట్లో అమ్మకు కూడా చెప్పేవారు కాదు.

రిటైరయ్యాక ఆయనకు పొద్దు పోయేది కాదు. అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ఛానల్ వాళ్లు వచ్చారు. కాపురాల తగాదాలు విని తీర్పు చెప్పే కార్యక్రమానికి నిజం జడ్జి కావాలన్నారు.

"కోర్టు దాకా రాలేనోళ్లకు సాయమైతది బిడ్డా" అన్నారు బాపు నాతో. నేనూ సంతోషపడ్డాను.

కార్యక్రమం మొదలైన కొన్నాళ్లకు మాక్లూర్‌లో ఒక పెళ్లికి వెళితే జనం బంతిలోంచి లేచొచ్చి ఆయనతో ఫోటోలు దిగారు. కొలువులో ఉన్నన్నాళ్లూ ఎవరితోనూ చనువుగా ఉండని మనిషి, ఆ రోజు నవ్వుతూ నిలబడ్డారు. మెల్లమెల్లగా కార్యక్రమంలో ఆయన గొంతు మారింది. "గట్టిగ అడగమని ఛానలోళ్లు చెవుల పెట్టిన ఇయర్‌ఫోన్ల చెప్తనే ఉంటరు" అన్నారు ఒకసారి. తర్వాత ఎవరూ చెప్పకుండానే గట్టిగా అడగడం అలవాటైంది.

బోధన్ దగ్గరి పల్లె నుంచి ఒక జంట ఆ కార్యక్రమానికి వెళ్లింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అతను చెరుకు వేయడం మానేసి తాగుడులో పడ్డాడు. ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. ఒకప్పుడు కోర్టులో వాళ్లను కలిపింది బాపే. ఆ నమ్మకంతోనే ఆమె మొగుణ్ని వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ అతను ఆమె నడతను అనుమానిస్తూ ఒక మాట అన్నాడు. బాపు ఆమె వైపు తిరిగి, "నిజమేనా? చెప్పు!" అని బల్ల చరిచారు. ఆమె ఏడుస్తుంటే కెమెరా ఆమె మొహం మీదే నిలిచిపోయింది. మాతోపాటు టీవీ చూస్తున్న అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు టీవీలో ఏడ్చిన ఆమే మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరున్నరనే ఆ టీవీకాడికి వచ్చిన సారూ. కోర్టుల అయితే తలుపు ఏపిస్తుంటిరి. గాడ లోకమంత సూస్తుంటే నన్ను గా మాట అడిగిండ్రు."

"తప్పైందమ్మా" అన్నారు బాపు.

"తప్పైందంటే ఏమొస్తది? ఆయన ఇల్లిడిసి మహారాష్ట్ర దిక్కు పోయిండు. ఊళ్లె అందరి ఫోన్లల్ల నేనే. నా బిడ్డ బడికి పోనంటున్నది."

మర్నాడే బాపు హైదరాబాద్ వెళ్లి ఆ వీడియో తీసెయ్యమని ఛానల్ వాళ్లను అడిగారు. ఎక్కువమంది చూసింది అదేనని, తీయడం కుదరదని చెప్పారట. ఆయన కార్యక్రమం మానేసి వచ్చారు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకొకాయన కూర్చుంటున్నారు. వీడియో అలాగే ఉంది.

ఆమె బిడ్డను తీసుకుని నవీపేట్‌లో చెల్లెలింటికి వెళ్లిందని తెలిసి, బాపు చూసి వద్దామన్నారు. నేనే కారులో తీసుకెళ్లాను. చెల్లెలు వాకిట్లో కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"అక్క పండుకున్నది సారూ" అంది.

పట్టపగలు. లోపల ఎవరో దగ్గినట్టు వినిపించింది. బాపు చాయ్ సగం తాగి, గ్లాసు కింద పెట్టి లేచారు.