స్కాట్లాండు డాక్టరుగారి ఆయ్

అమ్మమ్మ పేరు సత్యవేణి. పుట్టింది తుని పక్కన, కాపురం సీతాఫల్‌మండిలో. ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పేముందు ఆవిడకున్న జబ్బు సంగతి చెప్పాలి. ఏది కనిపించినా అదెలా పనిచేస్తుందో అడగకుండా ఉండలేదు. ఆటోవాడు మీటరు వేస్తే లోపల తిరిగేదేమిటని అడుగుతుంది. ఇంజక్షను చేయించుకుంటూ, అంత సన్న సూదికి బెజ్జం ఎలా పెడతారని నర్సును అడుగుతుంది. పెళ్లిచూపుల్లో తాతయ్యను అడిగిన మొదటి ప్రశ్న, ఆయనకు బాబ్జీ అన్న పేరు ఎలా వచ్చిందని. తాతయ్యకు ఇప్పటికీ జవాబు తెలీదు.

ఒకప్పుడు ఆవిడ సీతాఫల్‌మండిలోనే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. మేడ మీద మిషన్లు టకటకలాడుతుంటే కింద కిరాణా కొట్లో పప్పు డబ్బాలు కదిలేవట. కంప్యూటర్లు వచ్చాక టైపు లోయరు, హయ్యరు పరీక్షలకు కట్టేవాళ్లు తగ్గిపోయారు. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లను తూకానికి అమ్మేసిన రోజున అమ్మమ్మ ఆ బండి వెనకాలే వీధి చివరిదాకా నడిచింది. ఆ తర్వాత కొన్నాళ్లు వంటింటి గట్టు మీద ఉత్తినే వేళ్లు ఆడిస్తూ గడిపింది.

సరిగ్గా అప్పుడే ఊళ్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అన్న మాట మొదలైంది. ఎక్కడో దేశంలో డాక్టరు రోగిని చూసి, చెప్పాల్సిందంతా రికార్డు చేస్తాడు. ఆ మాటలు కంప్యూటర్లోంచి ఇక్కడికొస్తాయి. ఇక్కడివాళ్లు విని, ఉత్తరంలా టైపు చేసి, ఆ దేశంలో ఆఫీసులు తెరిచేలోగా పంపేస్తారు. తిరుమలగిరిలో ఒక మేడ మీద అలాంటి ఆఫీసు పెట్టారు. కాలేజీ వదిలిన పిల్లల మధ్యకు వెళ్లి, నలభై ఎనిమిదేళ్ల అమ్మమ్మ దర్జాగా కూర్చుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు.

"తాళి కట్టినాయన కూడా ఇలా ఆగితే ఎంత బావుణ్ణు," అంది ఇంటికొచ్చి.

"నాకు పెడల్ ఎక్కడుందే?" అన్నాడు తాతయ్య.

"అదే వెతుకుతున్నానండీ ఇన్నేళ్లుగా."

ఆవిడకు అప్పగించింది స్కాట్లాండులో ఉండే కంటి డాక్టరును. మొదటి రోజే ఆయన ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పి, చివర్లో "ఆయ్" అన్నాడు. అమ్మమ్మ కుర్చీలోంచి సగం లేచింది. తుని పక్క పెద్దవాళ్లతో ఔనన్నా, అలాగేనన్నా, వెళ్లొస్తానన్నా చివర ఒక "ఆయ్" పడకపోతే ఆ మాటకు మర్యాద లేనట్టే.

"మనవాడేనండీ!" అంది ఆ సాయంత్రం తాతయ్యతో.

"స్కాట్లాండులో మనవాడేంటే?"

"ఏమో, ఏ ముత్తాతో కాకినాడ రేవులో ఓడెక్కుంటాడు. లేకపోతే ఆయనకి ఆయ్ ఎవరు నేర్పారేటి?"

పక్క సీట్లో కూర్చునే సుమిత్ర అసలు సంగతి విప్పింది. "గట్ల కాదాంటీ. ఆడ ఎస్ అనెటానికి ఆయ్ అంటరట." అమ్మమ్మ ఒప్పుకుంది గానీ, ఆవిడ చెవి మాత్రం ఒప్పుకోలేదు. ఆ చెవికి ఆయ్ అంటే మర్యాదే. మర్యాదను ఎవరైనా టైపు చేస్తారా? డాక్టరు ఆయ్ అన్నప్పుడల్లా తల ఊపి ఊరుకునేది, ఉత్తరంలో వేసేది కాదు. రెండేళ్లలో ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఒక పొద్దున మేనేజరు విష్ణువర్ధన్ అందరినీ పిలిచాడు. "ఇకమీదట టైపింగ్ ఉండదండీ. డాక్టర్ చెప్పేది సాఫ్ట్‌వేరే విని టైప్ చేస్తుంది. మీరు వింటూ తప్పులు దిద్దాలంతే. రెండు వారాలు ట్రయల్. తర్వాత సగం మంది సరిపోతారు."

అమ్మమ్మ చెయ్యెత్తింది.

"దానికి చెవులెక్కడుంటాయండీ?"

"చెవులుండవు మేడమ్. శబ్దాన్ని తనకు తెలిసిన శబ్దాలతో పోల్చుకుంటుంది."

"డాక్టరుగారికి జలుబు చేస్తే?"

"చూద్దాం మేడమ్."

"పక్కన కుక్క మొరిగితే అదీ టైపు చేస్తుందేటండీ?"

అందరూ నవ్వారు. నవ్వించిందే గానీ ఆవిడకూ భయంగానే ఉంది. మళ్లీ వంటింటి గట్టు దగ్గరికి పోవడం ఆవిడకు ఇష్టం లేదు. పైగా ఇంత వింత వస్తువు ఆఫీసులోకి వస్తుంటే, తను బయటికి పోవడమా?

ట్రయల్‌లో ఏ డాక్టరు ఉత్తరం ఎవరికైనా వచ్చేది. మూడో రోజుకే కంటి డాక్టరుగారి ఆసుపత్రి నుంచి మెయిల్ వచ్చింది. మీరు పంపిన ఉత్తరం ప్రకారం ఈ రోగికి ఎడమ కన్ను, కుడి కన్ను కాక ఇంకో కన్ను కూడా ఉంది, దయచేసి సరిచూడండి అని.

"ఈ మూడో కన్ను ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు విష్ణువర్ధన్.

"నేనైతే జెర సుత ముట్టలే సార్," అంది సుమిత్ర. "మిషన్ రాసింది రాసినట్టు పంపిన."

అమ్మమ్మ రికార్డింగు విని పకపకా నవ్వింది. "అది కన్ను కాదండీ, ఆయ్! ఇంగ్లీషులో కన్నుని ఐ అంటారు కదా. పాపం మిషన్‌కి రెండూ ఒకలాగే వినిపించాయి."

ఆ రోజు నుంచి ఆ డాక్టరు ఉత్తరాల్లో అదనపు కళ్లు పీకే పని ఆవిడకే ఇచ్చారు. ఆవిడ మహా ఉత్సాహంగా పీకింది. "ఇవాళ ఎంతమంది శివుళ్లని మామూలు మనుషుల్ని చేశానో తెలుసా!" అని ఇంటికొచ్చి గొప్పలు పోయింది. సీటు ఖాయమనే అనుకుంది.

రెండో వారం మధ్యలో, మధ్యాహ్నం పూట స్కాట్లాండు నుంచి ఫోను. డాక్టరుగారి సెక్రటరీ ఆలిస్. విష్ణువర్ధన్ అమ్మమ్మను పిలిచి స్పీకరు పెట్టాడు. జరిగిందేమిటంటే, ఒక ముసలాయనకు ఇంటికి ఉత్తరం వెళ్లింది. అందులో "ఈయన ఇక కారు నడపవచ్చా?" అని ఉంది. కింద జవాబు లేదు. ఆ ప్రశ్న అడగడానికేగా నేను మీ దగ్గరికొచ్చింది, తిరిగి నన్నే అడుగుతారేమిటని ఆయన బస్సెక్కి ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాడు.

విష్ణువర్ధన్ రికార్డింగు పెట్టాడు. డాక్టరు గొంతు అడిగింది, ఈయన ఇక కారు నడపవచ్చా అని. తనే జవాబు చెప్పుకుంది: "ఆయ్."

మిషన్ దాన్ని కన్ను అని రాసింది. అమ్మమ్మ ఆ కన్ను పీకేసింది. అది మర్యాద కాదు, జవాబు.

"సత్యవేణీ, ఉన్నారా?" అని పిలిచింది ఆలిస్.

"ఆయ్," అంది అమ్మమ్మ నీరసంగా.

ఆలిస్ చటుక్కున అడిగింది: "మీది ఏ ఊరు?"

"తుని."

"అది స్కాట్లాండులో ఎటువైపు?"

అంత భయంలోనూ అమ్మమ్మకు నవ్వొచ్చింది. మా ఊళ్లోనూ ఇదే మాట ఉందని వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. అటు ఆలిస్ కూడా నవ్వి, ఒక రహస్యం బయటపెట్టింది. "మీరు మొదట్నుంచీ ఆయ్ వదిలేస్తూనే ఉన్నారు. నేనే పెన్నుతో ఎస్ అని రాసి సంతకానికి పెట్టేదాన్ని. మీ దేశం పద్ధతి అదేమో అనుకున్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చాక ఉత్తరాలు నా బల్ల మీదికి రావడం లేదు. మీ దగ్గర్నుంచి తిన్నగా రోగి ఇంటికే పోతున్నాయి. నాకూ పని సగమైంది."

రెండేళ్లుగా తన తప్పులు దిద్దుతూ ఒక మనిషి అక్కడ కూర్చుని ఉందని అమ్మమ్మకు అప్పుడే తెలిసింది.

"మరి ఏ ఆయ్ జవాబో, ఏది ఊరికే అన్నదో మీకెలా తెలుస్తుందండీ?"

"ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది."

"నాకు ముఖం లేదు కదండీ!" అంది అమ్మమ్మ. విష్ణువర్ధన్ దగ్గాడు. ఆవిడ ఆగలేదు. "అనుమానం వచ్చిన చోట నేను గుర్తు పెడతాను. ఆ ఉత్తరం మీ దగ్గర ఆగితే సరిపోతుందేమో?"

పై వాళ్లను అడుగుతానని ఆలిస్ ఫోను పెట్టేసింది.

"మేడమ్, ఎక్కడా ఆగకుండా పోవాలనే కదా సాఫ్ట్‌వేర్ తెచ్చింది!" అన్నాడు విష్ణువర్ధన్. "పైగా ట్రయల్ మొత్తానికి పెద్ద తప్పు మీదే. మీ పేరు ఉంచుతామని నేను మాటివ్వలేను."

"ఔనండీ," అంది అమ్మమ్మ. చివర ఆయ్ చేర్చలేదు.

ఆదివారమంతా ఆవిడ తన నోటినే కాపలా కాసింది.

"కాఫీ తాగుతావా?" అన్నాడు తాతయ్య.

"ఆయ్."

"ఇది జవాబా, మర్యాదా?"

"తాగుతాననండీ!"

"ఏమో మరి, నన్నడిగితే గుర్తు పెట్టి ఆలిస్‌కి పంపాల్సిందే."

ఆవిడ గ్లాసు లాక్కుంది గానీ ఆలోచనలో పడింది. తన ఆయ్‌లలో ఏది జవాబో తనకే తెలియనప్పుడు, పాపం ఆ మిషన్ మాత్రం ఏం చేస్తుంది?

ట్రయల్ ముగిసిన రోజు విష్ణువర్ధన్ ఉద్యోగంలో ఉండేవాళ్ల పేర్లు చదివాడు. అమ్మమ్మ పేరు ఉంది. గుర్తు పెట్టిన ఉత్తరాలు, ఏ డాక్టరువైనా సరే, ఆలిస్ దగ్గర ఆగేటట్టు ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారట. ఆ గుర్తు పెట్టేది మాత్రం అడిగి తెలుసుకునే మనిషి అయ్యుండాలన్నారట. "అడగడంలో మిమ్మల్ని మించినవాళ్లు ఈ ఆఫీసులో లేరు మేడమ్," అన్నాడు, మెచ్చుకుంటున్నాడో మొత్తుకుంటున్నాడో తెలియకుండా.

సుమిత్ర పేరు లేదు. "నాకు కాల్ సెంటర్ల దొరుకుతది, నువ్వు పరేషాన్ గాకాంటీ," అని తన కుర్చీ మీది మెత్తని దిండు అమ్మమ్మ కుర్చీలో వేసి వెళ్లిపోయింది. ఆ దిండు మీద కూర్చోవడానికి అమ్మమ్మకు చాలా సేపు మనసొప్పలేదు.

"నేను దిద్దేవన్నీ మిషన్ నేర్చుకుంటుందా అండీ?" అని అడిగింది విష్ణువర్ధన్‌ను.

"నేర్చుకుంటుంది."

"అన్నీ నేర్చేసుకున్నాక?"

"చూద్దాం మేడమ్."

మర్నాడు పొద్దున్నే కంటి డాక్టరుతో పాటు ఇంకో డాక్టరమ్మను కూడా ఇచ్చారు. అదే ఆసుపత్రిలో కీళ్ల డాక్టరు. తెర మీద మిషన్ రాసిన ఉత్తరంలో ప్రతి వాక్యం మధ్యా "టిక్ టిక్" అని ఉంది. అమ్మమ్మ పెడల్ నొక్కి వింది. నిజమే, డాక్టరమ్మ గొంతు వెనక ఏదో సన్నగా కొట్టుకుంటోంది. గడియారమా? స్వెట్టరు అల్లుతూ చెబుతోందా? లేక రోగి మోకాలేనా? ఇదీ మర్యాద అనుకుని తీసేస్తే, కొంపదీసి అది ఏ జవాబో అయితే? వదిలి, మళ్లీ నొక్కి, మళ్లీ వింది. పక్కన గుర్తు పెట్టి గోడ గడియారం వైపు చూసింది. ఆలిస్ ఆఫీసుకు రావడానికి ఇంకా చాలా టైముంది. అంతసేపు ఆగడం ఎలాగో అమ్మమ్మకు తోచలేదు.