సీసాకు చెప్పిన స్తోత్రం

మయూర్ విహార్‌లో మనవరాలికి టీకా వేయిద్దామని వెళ్తే, నర్సు గాజుసీసాను అరచేతుల మధ్య దొర్లించి మందు కలిపింది.

నా చిన్నప్పుడు ఫరీదాబాద్ ఇంట్లో అమ్మ కూడా అలాగే దొర్లించేది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె తమ్ముడికి, అంటే మా చిన్న మావయ్యకు, రక్తం గడ్డకట్టని జబ్బు. మోకాలు వాచినప్పుడల్లా విదేశీ మందు తెప్పించి ఎక్కించేది.

“ఇది వేలమంది రక్తంలోంచి తీశారే. ప్రభువుకు స్తోత్రం చెప్పు,” అనేది. అంతమంది బలం మావయ్యకు వచ్చేస్తుందనుకుని కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.

“అచ్ఛా, ఇక కుస్తీకి రావే! వెయ్యిమందిమి ఒక్కసారే కొడతాం,” అని మావయ్య నవ్వేవాడు.

ఆ వేలమందిలో ఒక్కరికి రోగమున్నా మందంతా విషమేనని అమ్మకు ఎవరూ చెప్పలేదు. అమ్మినవాళ్లకు తెలుసు. వేడిచేసి క్రిమిని చంపిన మందు వచ్చాక కూడా, మిగిలిపోయిన పాత సరుకు మాకు అంటగట్టారు. మావయ్య ఎయిడ్స్‌తో పోయాడు.

“దేవుడి చిత్తమమ్మా,” అన్నారు పాస్టరుగారు.

“దేవుడి మీదికి తొయ్యకండి అయ్యగారూ. కంపెనీవాడి చిత్తం,” అంది అమ్మ.

నేను ఇప్పటికీ పూటపూటా స్తోత్రం చెప్తాను. ఆ సీసాలకు చెప్పినవి మాత్రం నాకు తిరిగి కావాలి.