మంట అంటదని చదివాను

"తమ్మీ, మీ బావ పోయిండురా" అని పోయిన నెల గోదావరిఖని నుంచి మా అక్క ఫోన్ చేసింది. నేను చేరేసరికే వాడకట్టులో, కాలేయం చెడింది కాబట్టి తాగుడుతోనే పోయాడన్న మాట పుట్టింది. మీకు ముందే చెబుతున్నాను, మా బావ కల్లు కూడా ముట్టని మనిషి.

బొగ్గుబాయిలో దిగనని వాళ్ల అవ్వకు మాటిచ్చి, మోటార్లు వైండింగ్ చేసే ఓ ప్రైవేటు షెడ్డులో చేరాడు. అక్కడ జిడ్డు కడగడానికి ట్రైక్లో అనే ద్రావకం వాడేవారు. తియ్యటి వాసన, చూస్తుండగానే ఆరిపోతుంది. ఎంత మొండి గ్రీజయినా దానికి లొంగాల్సిందే. పనయ్యాక బావ చేతులూ దాంతోనే కడుక్కునేవాడు. ఇంటికొచ్చి మళ్లీ సబ్బుతో కడిగి, వాసన చూసుకున్నాకే బిడ్డను ఎత్తుకునేవాడు. ఆ చేతులు సున్నం పూసినట్టు తెల్లగా పగిలి ఉండేవి.

కొన్నేళ్ల కింద, నా ఇంటర్వ్యూ రోజు షేర్ ఆటోలో చొక్కాకు గ్రీజంటింది. ఏడుపు మొహంతో షెడ్డుకు పరుగెత్తాను.

"గింతదానికే గట్ల బుగులుపడితె ఎట్ల బామ్మర్దీ?" అని నవ్వి, గుడ్డముక్క ముంచి తుడిచాడు. మరక పోయింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆ రోజే డబ్బా చూపించి, "ఇంగ్లీషుల ఏం రాసిండ్రో జర సదువు" అన్నాడు.

పెద్ద అక్షరాలు చదివి, "దీనికి మంట అంటదు బావా" అన్నాను. కింద సన్నక్షరాలు చాలా ఉన్నాయి. బస్సు వేళైందని వదిలేశాను. నా చదువు మన్నుగాను! బొగ్గు ఊళ్లో మాకు మంటంటేనే భయం. మండనిదైతే మంచిదే అనుకున్నాం. అప్పటి నుంచి బావ ఆ తొట్టి పక్కనే బీడీ తాగేవాడు. ఎవరైనా వద్దంటే, "మా బామ్మర్ది సదివి చెప్పిండు, ఫికర్ లేదు" అనేవాడు గర్వంగా.

ఆ ఆవిరి ఏళ్ల తరబడి పీలిస్తే కాలేయం దెబ్బతినొచ్చని, నిప్పు తగిలితే అది విషవాయువవుతుందని దవాఖానకు వెళ్లి అడిగితే బావను చూసిన డాక్టరు నాతో అన్నాడు. అక్కకు చెప్పలేకపోయాను. ఆమెకు అక్షరాలు రావు కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను.

పదకొండో రోజు అక్క ఇంటి వెనుక పాత ట్రైక్లో డబ్బా కనబడింది. అక్క అందులో పొయ్యిలోకి బొగ్గు పోసి పెట్టుకుంది. కూర్చుని మసి తుడిచాను. ఆవిరి పీల్చరాదు. చర్మానికి తగలనీయరాదు. దగ్గర్లో పొగ తాగరాదు.

"ఏం రాసున్నదిరా దాని మీద?" వెనక నుంచి అక్క అడిగింది. "నువ్వే సదివినవని మీ బావ ఎప్పుడు చెప్తుండె."

"మంట అంటదని రాసున్నదక్కా" అన్నాను. సన్నక్షరాలు నా అరచేతి కింద ఉన్నాయి.