కొంగున ముడేసిన ఫ్యూజు

నారాయణఖేడ్‌లో నేను పనిచేసే పప్పుమిల్లులో బిస్మిల్లాబీ అంటే ఎవరికీ పడదు. ఆమెకూ ఎవరూ పడరు.

ఎలివేటర్ అడుగున గుంత ఉంటుంది. అందులో పోసిన కందులను డబ్బాల పట్టీ పైకి మోసుకుపోతుంది. పుల్లలు, గోనెపీచు ఇరుక్కుంటే దిగి చేత్తో లాగాలి. ఆ పని ఆమెది. స్విచ్ బోర్డేమో గోడ అవతల. అక్కడుండే శివరాజ్‌కు గుంతలో ఎవరున్నారో కనపడదు.

నిరుడు ఆమెతో పాటే ఆ పని చేసే ఇంద్రమ్మ చెయ్యి లోపల ఉండగానే అతను స్విచ్ వేశాడు. ఆమె వేళ్లు పోయాయి. "చూసుకొని చెయ్యాలె," అన్నాడు సేటు సంగమేశ్వర్. గుంత పక్క గోడ మీద ‘జాగ్రత్త’ అని రాయించాడు. ఆ అక్షరాలు ఇప్పుడు దుమ్ములో కనిపించవు.

అప్పటి నుంచి బిస్మిల్లాబీ దిగే ముందు ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంటుంది. పైకి వచ్చాకే ఇస్తుంది. బస్తాల లెక్కన కూలి తీసుకునే హమాలీలకు ఆమెను చూస్తే ఒళ్లు మంట.

"మిల్లు నీ అయ్యదా, ఖాలా?" అంటాడు శివరాజ్.

"మిల్లు కాదు. చెయ్యి నాది."

"నా మీద నమ్మకం లేదా?"

"రంజాన్ రోజా ఉన్ననాడు పొద్దుగూకే యాల్లకు నా మీద నాకే ఉండది. నీదేంది?"

మొన్న నాగల్‌గిద్ద నుంచి కంది లారీలు వచ్చి గేటు దాకా ఆగాయి. ఎలివేటర్ జామైంది. దిగిన బిస్మిల్లాబీ ఎంతకూ పైకి రాలేదు. సేటు గుంత మీద నిలబడ్డాడు.

"ఏయ్, ఫ్యూజు ఇటియ్యి. రైతులు మొత్తుకుంటుండ్రు."

"పైకొచ్చినంక."

సేటు గోడ వైపు తిరిగి అరిచాడు. "వైరు ముక్క చుట్టి పెట్టు, శివరాజ్. మోటారు సప్పుడింటే అదే బయటికొస్తది."

నేను రాళ్లు ఏరే చోటు నుంచి రెండు పక్కలా కనిపిస్తుంది. శివరాజ్ నిజంగానే వైరు తీశాడు. నేను రాళ్లు ఏరుతూనే ఉన్నాను. బిస్మిల్లాబీ దుమ్ము ముఖంతో పైకి ఎగబాకి, గోడ చుట్టి పోయి, అతని చేతిలో వైరు గుంజుకుంది. దాన్నీ ఫ్యూజునూ తెచ్చి సేటు కాళ్ల ముందు పడేసింది.

"రేపటి సంది రాకు."

"నీ మొకం చూడాల్నని నాకు గుడ లేదు."

వెళ్తూ మా వైపు చూడలేదు. పీడ పోయిందని హమాలీలు నవ్వారు.

ఈ పొద్దున మళ్లీ జామైంది. "నువ్వు సన్నగున్నవ్, దిగు," అన్నాడు సేటు నాతో.

బోర్డు దగ్గరికి పోయి ఫ్యూజు పీకాను. చున్నీ కొసకు ముడేసుకున్నాను.

"ముసల్ది నీకు గుడ నేర్పిందా?" అన్నాడు శివరాజ్.

"నువ్వు గుడ రేపటి సంది రాకు," అన్నాడు సేటు.

ముడి ఇంకోసారి తడుముకొని గుంతలోకి దిగాను.