దూదక్క గడప ముందు వాలు

ఆ మేస్త్రిని వీధిలో అందరూ నిదానం అని పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు కూడా. కాలిబాట పలకలు పరిచే పనిలో అంతకన్నా మంచి బిరుదు లేదని అతని ఉద్దేశం. కింద ఇసుక సరిగ్గా కూర్చోకముందే పైన పలక పెట్టేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కుంగిపోయిన పాత బాటలను పీకే కూలికి వెళ్లి, అవి ఎందుకు కుంగాయో చూసి నేర్చుకున్నాడు.

బజారు వీధిని మనుషులు నడవడానికి, సైకిళ్లు తొక్కడానికి వీలుగా మార్చాలని నగరపాలక సంస్థ నిర్ణయించినప్పుడు కాలిబాట పని అతని జట్టుకు వచ్చింది. అప్పటిదాకా ఆ వీధిలో నడవడమంటే బండ్ల మధ్య సందు చూసుకుని దూరడమే. కొట్ల ముందు మోటారు సైకిళ్లు, వాటి పక్కన కార్లు, వాటి వెనక హారన్లు. కొత్త పటంలో రోడ్డు సగానికి తగ్గింది. మిగిలిన చోట రెండు వైపులా వెడల్పాటి కాలిబాట, దాన్ని ఆనుకుని ఎర్రటి సైకిల్ దారి, అక్కడక్కడ మొక్కలకు గుంటలు.

పటం చాలామందికి నచ్చింది. కొట్లవాళ్లకు నచ్చలేదు. అందరికన్నా ముందు నిలబడి వద్దన్నది దూదక్క. నిదానానికి స్వయానా వదిన. ఆవిడ పరుపుల కొట్టు ఆ వరసలో అన్నిటికన్నా పల్లంలో ఉంది. కాలిబాట ఎత్తు పెరిగితే వాన నీళ్లు గడప దాటి లోపలికి వస్తాయని ఆవిడ భయం. ఇనుప సామాను తడిస్తే తుడుచుకోవచ్చు. దూది తడిస్తే కొట్టు మూసుకోవడమే.

"నీళ్లు రావు వదినా. వాలు రోడ్డు వైపు ఇస్తాం. నా మాట నమ్ము" అన్నాడు నిదానం.

"నీ మాటా? పెళ్లికి కూడా ఆలస్యంగా వచ్చిన మనిషివి."

"ఎవరి పెళ్లికి?"

"నీ పెళ్లికే."

పక్కన ఇసుక జల్లిస్తున్న అతని భార్య తల ఎత్తకుండానే, "ఆ సంగతి నన్నడుగక్కా" అంది.

చివరికి దూదక్క ఒప్పుకుంది. ఆవిడ ఒప్పుకుందని పక్క కొట్లవాళ్లూ ఒప్పుకున్నారు. అంటే ఆ వరస మొత్తం అతని మాట మీదే నిలబడి ఉంది.

మట్టం చూడడానికి నిదానం నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం వాడతాడు. ఒక కొస తను పట్టుకుంటాడు, రెండో కొస భార్య పట్టుకుంటుంది. రెండు కొసల్లోనూ నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తుల నుంచి గజానికి వేలు మందం చొప్పున రోడ్డు వైపు దించుకుంటూ పోతాడు. దూదక్క కొట్టు ముందు పలకలు మరీ ముచ్చటగా పేర్చాడు. సందులన్నీ గీత గీసినట్టు వచ్చాయి.

దూదక్క చేతిలో దబ్బనంతోనే బయటికి వచ్చి చూసింది. "అందంగానే ఉంది. మరి నీళ్లకు అందం తెలుస్తుందా?" అని లోపలికెళ్లి బకెట్టు తెచ్చి పలకల మీద ఒంపింది. నీళ్లు ఎటు పోవాలో తోచనట్టు కాసేపు నిలబడ్డాయి. తర్వాత మెల్లగా గడప వైపు తిరిగాయి.

"గొట్టం చూపించినట్టే వేశాను" అన్నాడు నిదానం.

"గొట్టానికేం పోయింది? దానికి కొట్టుందా?"

అతను వాదించలేదు. గొట్టాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని కొస నుంచి కొసకు చూసుకుంటూ వచ్చాడు. నడిమధ్య, మడత పడిన చోట, గాలి బుడగ ఇరుక్కుని ఉంది. గొట్టంలో గాలి ఉంటే రెండు కొసల్లో నీళ్లు ఒక ఎత్తులో నిలవవు.

"గాలి పోయేదాకా ఆగుదామన్నాను. చాల్లే పట్టుకో అన్నావు" అంది భార్య.

"అన్నాను."

వదిన నోరు త్వరగా మూయించాలని జీవితంలో ఒక్కసారి తొందరపడ్డాడు, అదీ వదిన గడప ముందే.

విషయం తెలిసి నగరపాలక సంస్థ ఇంజనీరమ్మ వచ్చింది. గడప ముందు చిన్న కాలువ తీసి జాలీ వేయవచ్చు గానీ, అది చెత్తతో పూడుకుపోతే మళ్లీ మొదటికొస్తుందని చెప్పింది. కాలువతో సరిపెట్టడం నిదానానికీ ఇష్టం లేదు. అప్పటికే గునపం తెప్పించి ఉంచాడు.

"మొత్తం పీకుతావా?" అడిగింది దూదక్క.

"తప్పు పోయినంత మేర పీకుతా."

భార్య ఈసారి గొట్టాన్ని సన్నటి ధారతో నింపింది. బుడగలన్నీ పైకొచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను ఒక్కసారి కూడా చాల్లే అనలేదు. ఇసుక తీసి, మళ్లీ పోసి, దిమ్మిసతో అణగ్గొట్టి, ఒక్కో పలకనూ రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెట్టాడు. దూదక్క గడప మీద కూర్చుని దిండు కుట్టుకుంటూ, "అక్కడ ఇంకాస్త, మరిదీ" అంటూ తోచిన సలహాలన్నీ ఇచ్చింది. వాటిలో ఒకటి పనికొచ్చింది కూడా.

వీధి తెరిచిన వారంలోనే పెద్ద వాన పడింది. నిదానం గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. అతను పరుగెత్తడం ఆ వీధి చూడడం అదే మొదటిసారి. పలకల మీద పడిన నీళ్లు పడినట్టే అంచు రాయి దాకా జారి, సైకిల్ దారి పక్కన కాలువలోకి దిగిపోతున్నాయి. గొడుగుల కింద మనుషులు ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. తడుస్తూనే గంట కొట్టుకుంటూ ఓ సైకిలు దాటిపోయింది.

దూదక్క గడప పొడిగా ఉంది. ఆవిడ ముక్కాలి పీట ముందుకు తోసింది.

"కూర్చో. ఆ తడి బట్టలతో పరుపుల మీద వాలావంటే ఊరుకోను."

"ఏమంటావు వదినా?"

"ఏమంటాను? ఈ వానకు బాగుంది. ఇంకో వాన చూసి చెప్తా."

"చూడు, తొందరేం లేదు" అని అతను పీట మీద కూర్చున్నాడు. వాన వెలిసేదాకా ఇద్దరూ నీళ్లు దిగిపోవడం చూస్తూ కూర్చున్నారు.