లిఫ్టులో మా గొడవ విన్న చైనా ఆయన

పొద్దున జరిగిన దాని నుంచి నేనింకా తేరుకోలేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మిషన్లు బిగించే మా ఆయనకు, ఆ మిషన్లు తయారయ్యే చైనాలోనే ఉద్యోగం రావడంతో పోయిన నెల హెఫై నగరానికి వచ్చాం. ఆయన ఫ్యాక్టరీకి వెళ్లిపోతే నాకు మాట్లాడటానికి మనిషి ఉండదు. ఈ పొద్దున మా ఆయనతో కలిసి లిఫ్టులో దిగుతూ ఇక ఆగలేకపోయాను. పక్కన ఒక చైనా ఆయన ఉన్నాడు గానీ, మన మాటలు ఆయనకేం తెలుస్తాయని గొంతు కూడా తగ్గించలేదు.

"నాకు టికెట్ బుక్ చెయ్యి. నేను మిర్యాలగూడ పోత. గీడ ఉంటే నాకు పిచ్చి లేస్తది," అంటూ ఏడ్చేశాను.

ఆ చైనా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"అక్కా, మిర్యాలగూడల మొదటి నెల నేను గూడ గిట్లనే ఏడ్సిన," అన్నాడు.

నా చేతిలో సంచి జారి కింద పడింది. కింద తలుపు తెరుచుకున్నా ముగ్గురిలో ఎవరమూ దిగలేదు.

మా బిల్డింగులోనే పై అంతస్తులో ఉంటాడట. మిషన్ల పని మీద వచ్చి మా ఊళ్లో రెండేళ్లు ఉన్నాడట.

"మా మిల్లు సేటు వాళ్లమ్మ రోజూ పిలిచి పచ్చిపులుసు పోసేది. ఇగ అలవాటైపోయింది," అన్నాడు.

ఆదివారం ఆయనా, భార్యా మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. టికెట్ సంగతి ఆ తర్వాత చూద్దామని మా ఆయనతో చెప్పాను. హెఫైలో చింతపండు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.